మృత్యుంజయం కొన్న మొదటి సైకిలు

కందాళ నరసింహాచార్యులుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. కషాయంలోకి అడ్డసరం ఆకు ఎంత వెయ్యాలని అడిగినవాణ్ణి పెరట్లోకి పంపి, అడ్డసరం మొక్కలకు పాదులు చేయించేవారు. ఆ పని పూర్తయ్యేసరికి సగంమంది తాము అడిగింది మరిచిపోయేవాళ్ళు. మిగతా సగంమందికి మళ్ళీ అడగాల్సిన అవసరం ఉండేది కాదు. అందుకని ఆయన దగ్గర వైద్యం నేర్చుకున్నవాళ్ళెవరూ మా గురువుగారు ఫలానా ప్రశ్నకు ఫలానా జవాబిచ్చారని చెప్పుకోలేకపోయారు గాని, కథలు మాత్రం బోలెడు చెప్పుకునేవాళ్ళు. వాటిలో ఇదొకటి. మృత్యుంజయం తన డెబ్బయ్యో ఏట కూడా దీన్ని నవ్వుతూనే మొదలుపెట్టేవాడు. మధ్యలో ఒకచోట ఆగి కళ్ళజోడు తుడుచుకుని, తర్వాత మిగతాది చెప్పేవాడు.

ఆచార్యులుగారి వైద్యశాల వెలగలంకలో ఉండేది. కృష్ణ కాలవ దాదాపు సముద్రం వాసన పట్టే చోట ఆ ఊరు. ముందు వసారా, లోపల మూడు బీరువాలు, పెరట్లో కల్వాలూ రోళ్ళూ. గడప తొక్కగానే శొంఠీ ఆముదమూ కలిసిన వాసన మనిషిని పలకరించేది. అక్కడ మృత్యుంజయం ఐదేళ్ళుగా శిష్యరికం చేస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు, చురుకైనవాడు, శ్లోకం ఒకసారి వింటే పట్టేసేవాడు. తల్లిదండ్రులు పేరు మాత్రం యముడికే సవాలుగా పెట్టారు గాని, మనిషి ఐదడుగుల ఒక్క అంగుళం. ఆ ఒక్క అంగుళమూ చెప్పులదేనని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

ఒకనాడు పక్క ఊరి రైసుమిల్లు యజమాని దగ్గు పట్టుకుని బండి కట్టించుకుని వచ్చాడు. బీరువాలో స్వర్ణభస్మం ఉంది, ముత్యపు భస్మం ఉంది. ఆచార్యులుగారు వాటివైపు కన్నెత్తి చూడకుండా శొంఠి, మిరియాలు, పాతబెల్లం నూరించి, మూడు ఉండలు కట్టి చేతిలో పెట్టి పంపేశారు. అంత పెద్దమనిషి ఉత్త శొంఠి ఉండలతో బండెక్కడం చూసి మృత్యుంజయానికి తల కొట్టేసినట్టయింది. బండి మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి అడిగాడు.

“గురువుగారూ, బీరువాలో అంతంత పెద్ద మందులు ఉండగా మీరెప్పుడూ చిన్నదానితోనే ఎందుకు మొదలుపెడతారు?”

ఆచార్యులుగారు మోకాలికి నూనె రాసుకుంటున్నారు. రాయడం పూర్తిచేసి, చెయ్యి తుడుచుకుని అన్నారు.

“కాలవగట్టు ఊళ్ళు ఏడూ ఇకనుంచి నువ్వే చూడు. నా మోకాళ్ళు మాట వినడం లేదు. నడిచి వెళ్ళాలంటే నీకు పొద్దు చాలదు, ఒక సైకిలు కొనుక్కో.”

మృత్యుంజయం తన ప్రశ్న అక్కడికక్కడే మరిచిపోయాడు. మరిచిపోక ఏం చేస్తాడు? ముప్ఫై ఏళ్ళుగా గురువుగారు వారానికి రెండుసార్లు, తోలుసంచీ భుజాన వేసుకుని నడిచిన దారి అది. గుమ్మంలో ఎవరు పిలిస్తే అక్కడ ఆగి, అరుగుమీద కూర్చుని నాడి చూసి, ఏడో ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. అలాంటి ఏడు ఊళ్ళూ, ఆ తోలుసంచీతో సహా, ఒక్కమాటతో తన చేతికొచ్చాయి. ఆ రాత్రి అన్నం ఎంత తిన్నాడో అతనికి తెలియదు.

ఆ రోజుల్లో సైకిలంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పడం కష్టం. ఇప్పటి సైకిళ్ళకు ఉన్నన్ని గేర్లు అప్పట్లో లారీలకు కూడా ఉండేవి కావు. ముందొక పళ్ళచక్రం, వెనకొక పళ్ళచక్రం, మధ్యన గొలుసు, అంతే. తొక్కితే పోయేది. నల్లటి చట్రం మీద సన్నటి బంగారు గీత ఉండేది. కొన్న రోజున పసుపూ కుంకుమా పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, పన్ను కట్టినందుకు పంచాయతీవారిచ్చే రేకుబిళ్ళ తగిలించుకుని ఇంటికి తెస్తుంటే, వీధివీధంతా అరుగులమీదికొచ్చి చూసేది. ఆ కొత్త టైర్ల వాసన తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు మోటారుకారు కొన్నా పక్కింటివాడు కిటికీ తియ్యడు.

మృత్యుంజయానికి అప్పటిదాకా సైకిలు రాదు. చిన్నప్పుడు పడతాడని తల్లి ముట్టుకోనివ్వలేదు. పెద్దయ్యాక నేర్చుకోవడానికి సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పుడు సిగ్గుపడితే ఏడు ఊళ్ళు పోతాయి కనక, అద్దెకిచ్చే పొట్టి సైకిలొకటి తీసుకుని, హైస్కూలు మైదానంలో పొద్దున్నే ఎవరూ లేవకముందు ఎనిమిది రోజులు తంటాలుపడ్డాడు. రెండుసార్లు ముళ్ళకంపలో పడ్డాడు. తొమ్మిదోరోజున ఆ సైకిలు అతని మాట వింది. పడబోయినప్పుడల్లా రెండు కాళ్ళూ నేలకు ఆనించి నిలబడ్డాడు గనక వింది. ఆ సంగతి అప్పుడతనికి తట్టలేదు.

తాలూకా ఊరి బజారులో దరియాసాయెబు సైకిలు షాపు. అప్పట్లో సైకిలు విడిభాగాలుగా వచ్చేది. దాన్ని బిగించి మనిషికి అమర్చడం దరియాసాయెబు విద్య. యాభై ఏళ్ళు పైబడిన మనిషి, గోళ్ళలో ఎప్పుడూ నల్లటి గ్రీసు, నోట్లో ఎప్పుడూ మెత్తటి మాట. దూలానికి మూడు సైజుల చట్రాలు వేలాడుతున్నాయి. ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు అంగుళాలవి. మృత్యుంజయం బంగారుగీత వంక చూస్తుంటే, సాయెబు మృత్యుంజయం వంక చూశాడు. తర్వాత బిగించి పెట్టిన సైకిళ్ళు మూడూ వరసగా నిలబెట్టి, చెయ్యి చాపమన్నాడు. సీటు అంచు చంకకింద ఆనించి చెయ్యి చాపితే, వేళ్ళ కొసలు పెడళ్ళు తిరిగే ఇరుసుకు తగలాలి. ఇరవై నాలుగు దగ్గర బెత్తెడు దూరం మిగిలింది. ఇరవై రెండు దగ్గర కూడా అందలేదు. ఇరవై దగ్గర వేళ్ళు ఇరుసును ముద్దుపెట్టుకున్నట్టు తగిలాయి. పైకడ్డీకి అటో కాలూ ఇటో కాలూ వేసి నిలబడమని చూశాడు. కడ్డీకీ ఒంటికీ నడుమ రెండు వేళ్ళ సందుండాలట. ఇరవైకి సరిగ్గా రెండు వేళ్ళు పట్టాయి.

ఇదే మీ బండి అని సాయెబు అంటే మృత్యుంజయం మొహం మాడ్చుకున్నాడు. ఇరవై సైజు హైస్కూలు పిల్లలు తొక్కేది. నరసింహాచార్యులుగారి శిష్యుడు, ఏడు ఊళ్ళ వైద్యుడు, బళ్ళోపిల్లల సైకిలు మీద ఊరేగితే జనం నాడి ఇస్తారా? పైగా ధర అడిగితే మూడింటికీ ఒకటేనన్నాడు సాయెబు. ఇక అడగాలా? ధర ఒకటే అయినప్పుడు చిన్నది కొనేవాడు మన దేశంలో ఇంకా పుట్టలేదు. ఇంట్లో తినేవాళ్ళు ఇద్దరే అయినా సంతలో పెద్ద గుమ్మడికాయకే చెయ్యి వేస్తాం. అంత ఇనుము ఊరికే వస్తుంటే వదులుకోవడం ఎందుకని మృత్యుంజయం ఇరవై నాలుగు వైపు వేలు చూపించాడు.

దరియాసాయెబు వాదించే మనిషి కాదు. ఒక్కమాట మాత్రం అన్నాడు.

“తొక్కటం అందరికీ వస్తదండీ పంతులుగారూ. దిగటం చూసుకోవాల.”

ఎక్కినవాడు దిగలేడా అని మృత్యుంజయం నవ్వేశాడు. ఆ ఊపులోనే సింగారానికి పూనుకున్నాడు. దీపానికి డైనమో, గొలుసుకు మూతపెట్టె, రెండు అద్దాలు, జంటగంట, కుచ్చుల సీటుతొడుగు, చక్రాల ఇరుసులకు రంగురంగుల బ్రష్షులు. సాయెబు మళ్ళీ మెత్తగానే, ముందు ఆరునెలలు ఉత్త బండి తొక్కి చూడమని, దానికేం కావాలో తర్వాత అదే అడుగుతుందని, ఇప్పుడు పెట్టదలిస్తే బ్రేకులకు మంచి రబ్బరుముక్కలు పెట్టించుకోమని చెప్పాడు. బ్రేకు రబ్బరు ఎవరి కంటికి కనిపిస్తుంది? మృత్యుంజయం బ్రష్షులే పెట్టించాడు.

సైకిలు ఇంటికొచ్చింది. ఆచార్యులుగారు వసారాలోంచి దిగివచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. గంట ఒకసారి మోగించారు. సైకిలును చూసి, దాని పక్కన నిలబడ్డ శిష్యుణ్ణి చూశారు. “బాగా మెరుస్తోందోయ్,” అని లోపలికి వెళ్ళిపోయారు.

మెరిసింది గాని, ఎక్కడమే పెద్ద పని అయింది. పెద్దవాళ్ళు ఎడమకాలు పెడలుమీద పెట్టి, నాలుగుసార్లు కుంటి, కుడికాలు గిరాటేసి సీటెక్కుతారే, మృత్యుంజయానికి ఆ విద్య పట్టుబడలేదు. కాలు సీటుకు తగిలి, సైకిలూ తనూ కలిసి కాలవలోకి జారిన రోజొకటి ఉంది. ఆఖరికి అతనొక ఉపాయం కనిపెట్టాడు. కాలవగట్టు పొడుగునా మైలురాళ్ళున్నాయి. మధ్యమధ్య తూములకు అడ్డగోడలున్నాయి. సైకిలు రాయి పక్కన నిలబెట్టి, రాయెక్కి, అక్కణ్ణుంచి సీటెక్కి, కాలితో రాయిని తన్ని బయలుదేరేవాడు. దిగాల్సినప్పుడు ముందు రాయి దాకా పోయి, దానిమీద కాలు ఆనించి ఆగేవాడు. సీటుమీద నడుం అటూ ఇటూ ఊగుతూ, కాలివేళ్ళ కొసలతో పెడళ్ళు తడుముకుంటూ పోతుంటే చూసేవాళ్ళకు ఎలా ఉండేదో గాని, సీటుమీద అతనికి మాత్రం ఏనుగు ఎక్కినంత గొప్పగా ఉండేది. గట్టుకు రెండువైపులా పచ్చటి మళ్ళు, కాలవలో తెరచాప పడవలు, మొహానికి తగిలే గాలి, బ్రష్షుల గలగల. ఆ సుఖం సుఖమే. ముసలితనంలో కూడా అతను ఆ మాట ఒప్పుకునేవాడు.

నెల తిరిగేసరికి అతనొక వింత గమనించాడు. రోగులు మైలురాళ్ళ దగ్గరకే వచ్చి కాచుకుంటున్నారు. పిల్లల్ని చంకనేసుకుని కొందరు, కర్ర పట్టుకుని కొందరు. గురువుగారైతే గుమ్మం గుమ్మానికీ నడిచి వెళ్ళాల్సివచ్చేది. తనకైతే జనం ఎదురొచ్చి నిలబడుతున్నారు. ఇంతకన్నా గౌరవం ఏం కావాలి? ఒకరోజు ఉండబట్టలేక గురువుగారి దగ్గర ఆ సంగతి ఎత్తాడు. ఆయన కల్వంలో ఏదో నూరుతూ “అలాగా” అని ఊరుకున్నారు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. కాలవ కట్టేశారు. గుంటల్లో మిగిలిన నీళ్ళే ఊళ్ళకు దిక్కయ్యాయి. అలాంటి రోజుల్లో వాంతులూ విరేచనాలూ రాకమానవు. మూడో రాయికీ నాలుగో రాయికీ నడుమ, గట్టు దిగువన, దీనమ్మ అనే కూలిమనిషి గుడిసె ఉంది. మొగుడు ఉప్పుకొటార్ల పనికి పోయి నెలకోసారి వస్తాడు. దీనమ్మకు రెండేళ్ళ ఆడపిల్ల, పేరు సువార్త. మృత్యుంజయం ఆ పొద్దున అటు వస్తుంటే దీనమ్మ బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి చెయ్యెత్తింది.

అతను చూశాడు. చూడలేదని చెప్పుకోవడానికి వీల్లేకుండా చూశాడు. బిడ్డ తల వాలిపోయి ఉండడం కూడా కంటబడింది. కాని అక్కడ రాయి లేదు, గోడ లేదు, గట్టు వాలుగా ఉంది. దిగితే పడతాడు, పడకపోయినా మళ్ళీ ఎక్కలేడు. నాలుగో రాయి దగ్గర ఆగి వెనక్కి నడిచి వద్దామనుకుని, అదే సమాధానం అన్నట్టు గంట మోగించి ముందుకు పోయాడు. నాలుగో రాయి దగ్గర పదిమంది కాచుకుని ఉన్నారు. కరణంగారు కొబ్బరిబోండాం కొట్టించి పట్టుకుని నిలబడ్డారు. అందర్నీ చూసేసరికి గంటన్నర పట్టింది. ఆ సందట్లో దీనమ్మ అతని మనసులోంచి జారిపోయింది. మధ్యాహ్నం తిరిగివస్తూ చూస్తే గుడిసె తలుపుకు గొలుసు పెట్టి ఉంది. బిడ్డకు నెమ్మదించి పనిలోకి పోయి ఉంటుందని తనకు తనే చెప్పుకున్నాడు.

దీనమ్మ వెలగలంక వైద్యశాల వసారాలో ఉంది. ఆ ఎండలో, బిడ్డను కొంగుకింద దాచుకుని, మూడు మైళ్ళు నడిచి వచ్చింది. మృత్యుంజయం వైద్యశాల గోడకు సైకిలు ఆనించి దిగేసరికి సువార్త ఆచార్యులుగారి ఒళ్ళో ఉంది. కళ్ళు గుంటలు పడిపోయాయి. పొట్టమీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే అలాగే నిలబడిపోతోంది. ఏడవడానికి నీళ్ళు లేని కళ్ళతో ఏడుస్తోంది. ఆయనది మడి కట్టుకునే ఇల్లని ఊరందరికీ తెలుసు. రోగి ఒళ్ళో ఉన్నంతసేపూ మడి గడప అవతలే కూర్చుంటుందని కూడా తెలుసు.

పొద్దున మా మృత్యుంజయం అటే వచ్చాడు గదా, కనిపించలేదా అని ఆయన మామూలుగా అడిగారు. దీనమ్మ గుమ్మంలోకి వచ్చిన మృత్యుంజయాన్ని చూసి లేచి నిలబడింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతన్ని చంపేసింది.

“అగుపించారయ్యగోరూ. నేనే రాయికాడికి రాలేకపొయ్యా. బిడ్డ మెడ నిలవటంలా, పరిగెత్తలేక గుమ్మంలోంచే చెయ్యెత్తా. పెద్ద సైకిలు గదండీ, ఆయన మద్దెన దిగలేరు. మా అందరికీ ఎరికేనండీ.”

మృత్యుంజయం కథ చెప్పేటప్పుడు ఆగే చోటు ఇదే. మా అందరికీ తెలుసునట. ఏడు ఊళ్ళకూ తెలుసు. రాళ్ళ దగ్గర కాచుకున్నవాళ్ళు గౌరవించి కాదు, జాలిపడి వచ్చారు. నడవగలిగినవాళ్ళు రాయిదాకా వచ్చి మందు తీసుకున్నారు. నడవలేనివాళ్ళు ఎవరెవరు, ఏ గుమ్మంలోంచి చెయ్యెత్తి దించుకున్నారో అతనికేం తెలుసు? ఆచార్యులుగారు అతని వంక చూడలేదు. బీరువా తాళాలు కూడా అడగలేదు. పల్చటి గంజిలో చిటికెడు ఉప్పూ కాస్త బెల్లమూ కలిపి తెమ్మన్నారు. తెచ్చాక ఉగ్గుగిన్నె, చెంచా అతని చేతికే ఇచ్చారు.

“నువ్వు పట్టు. తొందరపడకు.”

మృత్యుంజయం నేలమీద మఠం వేసుకుని కూర్చుని పట్టాడు. ఒక చెంచా. పిల్ల కక్కింది. కాసేపు ఆగి మళ్ళీ అరచెంచా. నిలిచింది. మళ్ళీ అరచెంచా. ఎక్కువ పడితే బయటికొస్తోంది, తక్కువైతే చాలడం లేదు. ఎంత పొయ్యాలో పిల్ల మొహమే చెప్పాలి. తిరుగుతున్న ఎండ వసారా స్తంభం నీడను గోడదాకా ఈడ్చుకుపోయింది. అతని నడుం పట్టేసింది. దీనమ్మ పెదవులు కదుపుతూ తన దేవుణ్ణి ప్రార్థిస్తోంది. మృత్యుంజయం తన దేవుళ్ళ పేర్లన్నీ తలుచుకున్నాడు. ఈ పిల్ల దక్కితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాడు. అంతకు ముందెప్పుడూ అతను ఏ రోగికోసమూ అలా అనుకోలేదు.

గొడ్లు ఇళ్ళకు తిరిగివచ్చే వేళకు ఆచార్యులుగారి పంచె తడిసింది. సువార్త ఒంటికి పోసింది. ఆయన కిందికి చూసుకుని, ఏళ్ళ తరబడి ఎవరూ చూడనంత నవ్వు నవ్వారు. గండం గడిచిందమ్మా అని దీనమ్మతో అన్నారు. ఆ తల్లి అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. మృత్యుంజయం గిన్నె కింద పెట్టి పెరట్లోకి పోయి, అడ్డసరం మొక్కల చాటున నిలబడి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే సైకిలు నడిపించుకుంటూ తాలూకా ఊరు వెళ్ళాడు. ఎక్కలేదు. మొత్తం దారి పక్కన నడిచాడు. దరియాసాయెబు ఎందుకని అడగలేదు, నేను ముందే చెప్పానని అనలేదు. పెద్దమనుషులు అలా ఉండేవాళ్ళు ఆ రోజుల్లో. అద్దాలు విప్పాడు, బ్రష్షులు విప్పాడు, కుచ్చుల తొడుగు విప్పాడు. ఇరవై సైజు బండి దించి, మళ్ళీ చెయ్యి చాపించి చూసి, సీటు ఒక వేలెడు కిందికి దించి బిగించాడు. ఇప్పుడేమైనా పెట్టమంటారా అని సాయెబే అడిగాడు. మృత్యుంజయం కాసేపు ఆలోచించి, బ్రేకులకు మంచి రబ్బరు, మందులసంచీ కదలకుండా కట్టుకోవడానికి వెనక కారేజీ, అంతే చాలన్నాడు.

తిరుగుప్రయాణంలో ఊరు దాటగానే ఒకచోట ఊరికే బ్రేకు నొక్కాడు. రెండు కాళ్ళూ నేలకు ఆనాయి. నాలుగు బారలు పోయి మళ్ళీ ఆగాడు. మళ్ళీ బయలుదేరాడు, మళ్ళీ ఆగాడు. ఇరవై ఆరేళ్ళ వైద్యుడు ఎవరూ లేని రోడ్డుమీద ఆగడం నేర్చుకుంటూ ఇంటికి వచ్చాడు. హైస్కూలు మైదానంలో తొమ్మిదోరోజున కలిగిన సంతోషమే మళ్ళీ కలిగింది. ఆ సంతోషం వెనకే దీనమ్మ ఎత్తిన చెయ్యి కూడా వచ్చింది. రెండూ ఇక విడిపోవని అతనికి అర్థమైంది.

దారిలో దీనమ్మ గుమ్మం ముందు, రాయి లేనిచోట, వాలుగట్టు మీద ఆగి దిగాడు. దీనమ్మ ఆ పొట్టి సైకిలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వితే ఏమనుకుంటాడోనని. మృత్యుంజయం తనే ముందు నవ్వేశాడు. సువార్త చాపమీద కూర్చుని గంజి తాగుతోంది.

సాయంత్రం అతను తోలుసంచీ తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. తను దీనికి తగనని, వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతానని, ఉండమంటే పెరట్లో మందులు నూరుకుంటూ ఉంటానని చెప్పాడు. ఐదేళ్ళ శిష్యరికం ఆ సంచీ పక్కనే పెట్టినట్టు నిలబడ్డాడు. ఆచార్యులుగారి మొహంలో కోపం కోసం వెతికాడు మృత్యుంజయం. కనిపించలేదు. అలసట కనిపించింది.

“ఆ సైకిలు నీకు పెద్దదని తెచ్చిన రోజునే చూశాను,” అన్నారాయన. “పడితే పగిలేది నీ మోకాలే కదా, అదే నేర్పుతుందిలే అనుకున్నాను. ఆ పసిపిల్ల మాట నాకు తోచలేదు.”

తర్వాత సంచీ తీసి మళ్ళీ శిష్యుడి భుజాన తగిలించి, మొదటి మూడు ఊళ్ళు మాత్రం చూడమన్నారు. గుమ్మం గుమ్మానికీ ఆగి చూడమన్నారు. మిగతా నాలుగు ఊళ్ళకూ తాను బండి కట్టించుకుని వెళతానన్నారు. ఆ మోకాళ్ళతో ఆయన బండెక్కి దిగడం ఎంత కష్టమో మృత్యుంజయానికి తెలుసు. వాకిట్లోకి వెళ్ళబోయి, గడప దగ్గర ఆగి, ఆ నాలుగు ఊళ్ళవాళ్ళూ నువ్వెందుకు రావడం లేదని అడిగితే ఏం చెప్పమంటారని అడిగాడు.

ఆయన మోకాలికి నూనె రాసుకోవడానికి గిన్నె దగ్గరకు లాక్కుంటూ అన్నారు.

“మృత్యుంజయం ఇంకా ఎదగలేదని చెప్పకు. ఆచార్లు కొలత తప్పాడని చెప్పు.”